శాలువాలు చాలు, ప్రశ్నలు రాసిద్దాం

కొంచెం పొడుగు పోస్టు. కాఫీ పెట్టుకుని చదవండి.

పోయిన ఆదివారం కార్యవర్గ సమావేశంలో ఏం జరిగిందో వచ్చినవాళ్ళకు తెలుసు. రానివాళ్ళ కోసం చెప్తున్నాను. ఉగాది కార్యక్రమానికి ఎమ్మెల్యే గారిని పిలవాలి, శాలువా కప్పాలి, పళ్ళబుట్ట ఇవ్వాలి, చివర్లో రాజకాలువ గురించి ఒక వినతిపత్రం చేతికివ్వాలి. అజెండా ఏటా ఉన్నట్టే ఉంది. నేను లేచి, "ఈసారి వినతిపత్రం వద్దు, సభలో రాతపూర్వకంగా వేయడానికి ఒక ప్రశ్న తయారుచేసి ఇద్దాం" అన్నాను. నవ్వారు. ఒక తమ్ముడు "ఏం అంకుల్, ప్రశ్న వేస్తే కాలువ దానంతటది పూడిక తీసుకుంటుందా?" అన్నాడు. ఇంకో పెద్దాయన "ఆయనకు మనసు నొచ్చితే ఉన్నదీ పోతుంది" అన్నారు. టైము లేదని ఆ విషయం అక్కడే ఆపేశారు. ఆ ఇద్దరికీ నా జవాబు ఇది. కోపం కొంచెం ఉంది, దాచుకోను.

ఇంటికొచ్చి మన పాత ఫైలు తిరగేశాను. రాజకాలువ మీద ఇప్పటిదాకా మనం నాలుగు వినతిపత్రాలు ఇచ్చాం. నాలుగింటిలోనూ "తమరు దయతో పరిశీలించి" అని ఉంది. నాలుగింటికీ ఫొటోలున్నాయి, అందరం నవ్వుతూనే ఉన్నాం. జవాబు మాత్రం ఒక్కదానికీ లేదు. ఇవ్వాలని ఏ రూలూ లేదు కాబట్టి ఇవ్వలేదు, అంతే. ఈ మధ్యలో మన కింది వీధిలో ఒంటరిగా ఉండే పెద్దావిడ వానాకాలం వస్తే మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టుకుని పడుకుంటున్నది. ఆమెను ఈసారి ఉగాది వేదిక మీద కూర్చోబెట్టి ఆ నాలుగు ఫొటోలూ చూపించగలమా?

వినతిపత్రానికీ, సభలో ప్రశ్నకూ తేడా ఏంటో ముందు చెప్పాలి. వినతి ఇస్తే తీసుకున్నవాడు పెద్దవాడు, ఇచ్చినవాడు చిన్నవాడు. సభ్యుడు సభలో ప్రశ్న వేస్తే మంత్రి జవాబు చెప్పి తీరాలి. ప్రశ్నలు రెండు రకాలు. కన్నడంలో "చుక్కె గురుతిన ప్రశ్నె" అంటారు, మనకూ చుక్కంటే చుక్కే. చుక్క ఉన్న ప్రశ్నకు మంత్రి లేచి నిలబడి నోటితో చెప్పాలి, దాని మీద సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. చుక్క లేని ప్రశ్నకు జవాబు కాగితం మీద వస్తుంది, సభ బల్ల మీద పెడతారు. లోక్‌సభలో రోజుకు 20 చుక్క ప్రశ్నలు, 230 చుక్క లేనివి లిస్టులోకి వస్తాయి. టీవీలో మనం చూసేది ఆ ఇరవైలో నాలుగైదు, మిగతా టైము కేకలు. అసలు పని జరిగేది ఎవరూ చూడని ఆ 230లో. అరవాల్సిన పని లేదు, మైకు అక్కర్లేదు, సభ వాయిదా పడినా జవాబు కాగితం బల్ల మీదికి వస్తుంది. మన విధానసభలోనూ, విధాన పరిషత్తులోనూ ఇదే పద్ధతి.

"కాగితమే కదా" అంటారు. ఆ కాగితం ఆఫీసులో ఏం చేస్తుందో నేను చెప్తాను, ఎందుకంటే ఆ జవాబులు రాసినవాళ్ళలో నేనూ ఒకడిని.

నా సర్వీసులో ఒక ఆఫీసు. ఏ ఊరు, ఏ శాఖ అన్నది అనవసరం. మామూలు అర్జీ వస్తే ఇన్‌వార్డు నంబరు వేసి కట్టలో పెట్టేవాళ్ళం. ఒక సంఘం నాయకుడొచ్చి మెమొరాండం ఇస్తే మా ఆఫీసరు లేచి నిలబడి తీసుకునేవాడు, ఆయన వెళ్ళాక అదే కట్టలోకి వెళ్ళేది. అదే పార్లమెంటు ప్రశ్న అని చీటీ కట్టిన ఫైలొస్తే? మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు మూసేసేవాళ్ళం. సెలవులు రద్దు. ఫలానా తేదీ సాయంత్రం లోపు పై ఆఫీసుకు లెక్క చేరాలి, తప్పు లెక్క వెళితే మంత్రి సభలో తప్పు చెప్పినట్టు, అప్పుడు ఎవరి మెడ మీదికి వస్తుందో అందరికీ తెలుసు.

ఒకసారి వచ్చిన ప్రశ్న నాకింకా గుర్తుంది. ఉద్యోగంలో ఉండగా చనిపోయినవాళ్ళ కుటుంబాలకు ఇచ్చే కారుణ్య నియామకాల గురించి. ఏడాదికి పైగా పెండింగ్‌లో ఉన్న దరఖాస్తులు ఆఫీసువారీగా ఎన్ని, ఒక్కొక్కటి ఆగడానికి కారణం ఏమిటి. ఇంతే. అందులో తిట్టు లేదు, విమర్శ లేదు. కానీ ఆ గడిలో పెద్ద అంకె రాయడానికి మా ఆఫీసరుకు ధైర్యం లేదు. పది రోజుల్లో, అంతకుముందు రెండేళ్ళుగా కదలని ఫైళ్ళు కదిలాయి. వాటిలో ఒకటి, కొడుకు సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని నెలనెలా నా టేబుల్ దగ్గరికి వచ్చే ఒకావిడది. ప్రతిసారీ "వచ్చే వారం రండమ్మా" అని పంపించింది నేనే. ఆ తప్పు నాది, ఇంకొకరి మీద వేయను. ఆర్డరు చేతికొచ్చిన రోజు ఆమె నాకు దండం పెట్టింది. ఆ దండం ఎక్కడో ఢిల్లీలో ఆ ప్రశ్న వేసిన మెంబరుకు చెందాలి. ఆయన పేరు నాకూ తెలియదు, ఆమెకూ తెలియదు. తమ్ముడూ, కాలువ దానంతటది పూడిక తీసుకోదు. కానీ ఫైలు మాత్రం ఒక్కోసారి ఇలా దానంతటది లేస్తుంది.

ఇంకో రహస్యం కూడా చెప్తాను. కొన్ని ప్రశ్నలొస్తే మాకు పండగ. "ఫలానా పనిలో అక్రమాలు జరిగిన మాట నిజమేనా? నిజమైతే వివరాలేమిటి? తీసుకున్న చర్యలేమిటి?" అని వచ్చేవి. మేం రాసేది ఒక్క మాట: "లేదు." మిగతా భాగాలకు: "ఉత్పన్నం కాదు." అయిదు నిమిషాల పని, తర్వాత క్యాంటీన్. ఇక్కడ మన విధానసభ జవాబుల్లో ఈ మాటనే కన్నడంలో "ఉద్భవిసువుదిల్ల" అని రాస్తారు. ఈ మాట కనబడితే ప్రభుత్వం దొంగది అనుకోవడానికి తొందరపడొద్దు, చాలాసార్లు ప్రశ్న రాసినవాడే తలుపు తెరిచి పెట్టాడని అర్థం. "నిజమేనా" అని అడిగితే "లేదు" అని తప్పించుకోవచ్చు. "ఎన్ని, ఎప్పుడు, ఎంత, ఎవరు" అని అడిగితే తప్పించుకోవడం కష్టం.

దీనికి దేశమంతా చూసిన ఉదాహరణ ఉంది. 2020 సెప్టెంబరు. కరోనా పేరు చెప్పి పార్లమెంటు వర్షాకాల సమావేశాల్లో ప్రశ్నోత్తరాల గంటనే తీసేశారు. రాతపూర్వక ప్రశ్నలు మాత్రం ఉంచారు. సెప్టెంబరు 14న లోక్‌సభలో వలస కార్మికుల మరణాల గురించి అడిగితే కార్మిక శాఖ ఇచ్చిన జవాబు సారాంశం: అలాంటి లెక్క మా దగ్గర లేదు, కాబట్టి పరిహారం అనే ప్రశ్నే ఉత్పన్నం కాదు. దేశం మండిపడింది. అవే సమావేశాల్లో రాజ్యసభలో డెరెక్ ఓబ్రియన్ వేసిన ప్రశ్న శ్రామిక్ రైళ్ళలో చనిపోయినవాళ్ళ గురించి. జవాబు వచ్చింది: రాష్ట్రాల పోలీసులిచ్చిన లెక్క ప్రకారం సెప్టెంబరు 9 దాకా 97 మంది. ప్రభుత్వం అదే, నెల అదే. ఒకచోట లెక్క లేదన్నారు, ఇంకోచోట అంకె చెప్పక తప్పలేదు. ఏ రైళ్ళు, ఏ కాలం, ఎంతమంది అని గిరి గీసి అడిగితే ఆ గిరిలో ఏదో ఒకటి రాయాల్సిందే. ఆ 97 అనే అంకె ఈ దేశం రికార్డులో ఇక ఎప్పటికీ ఉంటుంది. ఏ ధర్నా ఆ అంకెను రాబట్టలేదు.

ఇక మన బెంగళూరు సంగతికి వద్దాం. ఈ ఊళ్ళో రాతపూర్వక ప్రశ్న విలువ మిగతా ఊళ్ళకంటే ఎక్కువ అని నేనెందుకంటున్నానో వినండి.

మన కార్పొరేటర్ల పదవీకాలం 2020 సెప్టెంబరు 10న ముగిసింది. వాళ్ళు ఎన్నికైంది 2015లో. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. అందులోని 243-యు అధికరణం చెప్పేది పట్టణ సంస్థకు అయిదేళ్ళే ఆయుష్షు, అది ముగిసేలోపు ఎన్నిక పూర్తికావాలి అని. మరి మన దగ్గర ఏం జరిగింది? 2020 డిసెంబరులో హైకోర్టు ఆరు వారాల్లో ఎన్నికలు పెట్టండని చెప్పింది, అదే నెలలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 198 వార్డులు 243 అన్నారు, తర్వాత ప్రభుత్వం మారి 225 అన్నారు, తర్వాత బీబీఎంపీనే లేకుండా చేసి 2025 సెప్టెంబరులో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద అయిదు కార్పొరేషన్లు చేశారు. ఒక పార్టీ ప్రభుత్వం మొదలుపెట్టింది, ఇంకో పార్టీ ప్రభుత్వం కొనసాగించింది. ఇందులో ఎవరికీ మార్కులు వేయను. అయిదేళ్ళు దాటిపోయింది, మధ్యలో దాదాపు ఇరవై వేల కోట్ల బడ్జెట్ కూడా కార్పొరేటర్ అనేవాడు లేకుండానే పాసయింది.

కార్పొరేటర్ ఉన్నప్పుడు మనం ఆయన్ని తిట్టుకునేవాళ్ళం, నిజమే. కానీ నెలనెలా కౌన్సిల్ మీటింగు ఉండేది, ఆయన అక్కడ లేచి కమిషనర్‌ను "నా వార్డులో ఈ పని ఎందుకు ఆగింది" అని అడగగలిగేవాడు. ఆ కుర్చీ ఖాళీ అయ్యాక ఈ ఊరి కాలువ గురించి, ఫుట్‌పాత్ గురించి, చెత్త గురించి అధికారికంగా అడగగల చోటు ఒక్కటే మిగిలింది. విధానసౌధ. అడగగలవాళ్ళు బెంగళూరు నగరానికి ఉన్న 28 మంది ఎమ్మెల్యేలు, పరిషత్తులో ఉన్న సభ్యులు.

అక్కడ కూడా ఒక మెలిక ఉంది. గ్రేటర్ బెంగళూరు అథారిటీకి అధ్యక్షుడు ముఖ్యమంత్రి. నగర ఎమ్మెల్యేలు అందులో సభ్యులు. అంటే సభలో నగరం గురించి ప్రశ్న వేయాల్సినవాళ్ళే ఆ నగరాన్ని నడిపే సంస్థలో కూర్చున్నారు. పరీక్ష రాసేవాడికే పేపరు దిద్దమని ఇచ్చినట్టుంది. ఇలాంటప్పుడు ఎమ్మెల్యే తనంతట తాను ప్రశ్న వేస్తాడని ఎదురుచూడడం మన అమాయకత్వం. వేయమని ఓటరు అడగాలి. అడగందే అమ్మైనా పెట్టదు.

అడిగేవాళ్ళ సభ లేకపోతే ఏమవుతుందో చూడాలంటే ఉత్తర ఐర్లండ్ వైపు చూడండి. లండన్ పార్లమెంటు కొన్ని అధికారాలు వదిలిపెట్టి బెల్‌ఫాస్ట్‌లోని అసెంబ్లీకి అప్పగించింది. అక్కడ రెండు పెద్ద పార్టీలు కలిసి కూర్చుంటేనే ప్రభుత్వం నడుస్తుంది. 2017 జనవరిలో అది కూలింది, మూడేళ్ళు లేదు. 2022 ఫిబ్రవరిలో మళ్ళీ కూలి రెండేళ్ళు లేదు. శాఖలు ఆగలేదు, జీతాలు ఆగలేదు, అధికారులే నడిపారు. ఆగింది అడిగేవాడు. ప్రశ్న వేయడానికి సభ లేదు, జవాబు చెప్పడానికి మంత్రి లేడు. వాళ్ళ కష్టాన్ని ప్రపంచ పత్రికలన్నీ రాశాయి. మన కార్పొరేషన్‌కు అంతకంటే ఎక్కువ కాలంగా సభ లేదు, మనం ఉగాదికి ఏ రంగు శాలువా కొనాలా అని చర్చిస్తున్నాం.

అదే దేశంలో స్కాట్లాండ్ పార్లమెంటును చూస్తే అసూయ పుడుతుంది. సభ సెలవుల్లో ఉన్నా సభ్యులు రాతపూర్వక ప్రశ్నలు వేయొచ్చు. మామూలుగా పది రోజుల గడువు, సెలవుల్లో ఇరవై. మన దగ్గర సమావేశాలు ఉంటేనే ప్రశ్న. సమావేశాలేమో వేసవి తుఫానులాంటివి, ఎప్పుడొస్తాయో తెలియదు, వచ్చినా నాలుగు రోజులే. అందుకే ప్రశ్న ముందే తయారుచేసి పెట్టుకోవాలి అంటున్నాను. సమావేశాల తేదీలు పేపర్లో చూసి మొదలుపెడితే నోటీసు గడువు దాటిపోతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

ఇప్పుడు మీ అభ్యంతరాలకు వస్తాను.

ఒకటి: "ప్రశ్న వేస్తే ఆయన మనసు నొచ్చుకుంటుంది." పెద్దాయనా, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను. ఆయన జవాబు చెప్పాల్సినవాడు కాదు, అడగాల్సినవాడు. మనం ఆయన్ని నిలదీయడం లేదు, ఆయన చేతికి పనిముట్టు ఇస్తున్నాం. ప్రతిపక్షంలో ఉంటే సంతోషంగా వేస్తారు. పాలకపక్షంలో ఉంటే కొంచెం తటపటాయిస్తారు, అయినా నియోజకవర్గం పని మీద వేసిన ప్రశ్నకు ఏ పార్టీ తప్పుపట్టదు. ఆయనే మంత్రి అయితే ప్రశ్న వేయడం కుదరదు. అప్పుడు విధాన పరిషత్తు సభ్యుల దగ్గరికి వెళ్ళాలి. మన అసోసియేషన్‌లో టీచర్లున్నారు, పట్టభద్రులున్నారు, వాళ్ళ ఓటుతో గెలిచిన సభ్యులు ఆ సభలో ఉన్నారు. ఒక్కసారైనా ఆ గుమ్మం తొక్కామా?

రెండు: "ఫోన్ చేస్తే పని ఇంకా తొందరగా అవుతుంది." అవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పేలితే ఫోనే చేయండి, ప్రశ్న వేయకండి. కానీ ఫోను పని ఫోను చేయగలవాడికే అవుతుంది. ఎమ్మెల్యే నంబరు నా దగ్గర ఉంది, మీ దగ్గర ఉంది. ఆ కింది వీధి పెద్దావిడ దగ్గర లేదు. పైగా ఫోనులో చెప్పిన మాటకు సాక్ష్యం లేదు. "చేయిస్తాను" అన్నది గాలిలో కలిసిపోతుంది. సభలో మంత్రి "పరిశీలిస్తాం" అన్నా, "సమాచారం సేకరిస్తున్నాం" అన్నా అది హామీ కింద నమోదు అవుతుంది. హామీలు తీరాయా లేదా అని వెంటపడడానికే ఒక సభా సంఘం ఉంటుంది. లోక్‌సభలో 1953 నుంచి ఉంది, మూడు నెలల్లో హామీ తీర్చాలని నియమం. కర్ణాటకలో భరవసెగళ సమితి అంటారు. మంత్రి నోట ఒక్క "చేస్తాం" వచ్చిందంటే అది అక్కడ మన పేరున వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్. వెళ్ళి అడిగి తీసుకోకపోతే తప్పు మనది.

మూడు: "ఇవన్నీ ఉత్తుత్తి కాగితాలు, ఎవరికీ విలువ లేదు." ఇదే నిజమైతే 2005 డిసెంబరు సంగతి ఏమంటారు? డబ్బు తీసుకుని ప్రశ్నలు వేయడానికి ఒప్పుకున్న ఎంపీలు రహస్య కెమెరాకు చిక్కారు. లోక్‌సభలో పదిమంది, రాజ్యసభలో ఒకరు, మొత్తం 11 మందిని పార్లమెంటు బయటికి పంపింది. విలువ లేని సరుకుకు డబ్బు ఎవడిస్తాడు? వ్యాపారులకు దాని ధర తెలుసు. మనకు ఊరికే దొరికే సరుకు కాబట్టి మనకు తెలియలేదు.

ఇంకా వెనక్కి వెళ్ళండి. 1957లో జీవిత బీమా సంస్థ ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల్లో కోటీ పాతిక లక్షల దాకా షేర్లు కొన్న సంగతి మీద లోక్‌సభలో ప్రశ్న పడింది. జవాబు సూటిగా రాలేదు. ఫిరోజ్ గాంధీ వదల్లేదు. ఆయన అప్పుడు ప్రధానమంత్రి అల్లుడు, పాలకపక్షం సభ్యుడు. చివరికి జస్టిస్ చాగ్లా విచారణ జరిపారు, 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. నెహ్రూ ప్రభుత్వంలో అంత పెద్ద కుర్చీ కదలడానికి మొదటి మేకు ఒక ప్రశ్న. పాలకపక్షంవాళ్ళు అడగరు అనేవాళ్ళకు ఫిరోజ్ గాంధీయే జవాబు.

నాలుగోది మీరెవరూ అనలేదు, నేనే అంటాను, ఎందుకంటే మన గ్రూపులో రోజూ ఆంధ్రా, తెలంగాణ రాజకీయాల మీద కత్తులు దూసుకుంటారు. ఆ రెండు సభల సంగతి చూడండి. 2017 నవంబరు నుంచి ఎన్నికల దాకా వైసీపీ ఆంధ్రా అసెంబ్లీకి రాలేదు. 2021 నవంబరులో చంద్రబాబు నాయుడు గారు ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని చెప్పి సభ నుంచి వెళ్ళారు, 2024లో అలాగే వచ్చారు. ఆ ఎన్నికల్లో 11 సీట్లు వచ్చిన వైసీపీ ప్రతిపక్ష హోదా కావాలని పట్టుబట్టి మళ్ళీ సభకు దూరమైంది. తెలంగాణలో 2023 డిసెంబరు తర్వాత ప్రతిపక్ష నేత కేసీఆర్ గారు సభకు వచ్చిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎవరి కారణాలు వాళ్ళకున్నాయి, అవమానాలు జరిగిన మాటా నిజమే. కానీ ప్రశ్న వేయడానికి హోదా అక్కర్లేదు. ఒక్క ఎమ్మెల్యే చాలు, ఒక్క కాగితం చాలు. సభలో మైకు కట్ చేయొచ్చు, కాగితానికి మైకే లేదు. శపథాలు చేసి గెలిచి రావడం సినిమాకు బాగుంటుంది. మధ్యలో ఆ రెండేళ్ళో మూడేళ్ళో రైతు, టీచరు, పింఛనుదారు తరఫున వేయాల్సిన ప్రశ్నలు ఎక్కడికి పోయాయి? మన అభిమాన నాయకుడు సభకు వెళ్ళనప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళం, ఇక్కడ కార్పొరేషన్‌కు సభే లేకపోతే మనకేమీ తోచకపోవడంలో ఆశ్చర్యం ఏముంది.

ఒక పాత కథతో ఈ వాదం ముగిస్తాను. మనం ఉన్నది పాత మైసూరు సంస్థానం నేల. 1881లో దివాన్ రంగాచార్లు ఇక్కడ ప్రజా ప్రతినిధి సభ పెట్టారు. ఆ రోజుల్లో అది గొప్ప విషయం, కాదనను. కానీ మొదట్లో దాని పని ఏంటి? దసరాకు మైసూరులో చేరి, ప్రభుత్వం ఏడాదిలో ఏం చేసిందో వినడం, తమ కష్టాలు విన్నవించుకోవడం. ప్రభుత్వం వింటుంది, ఇష్టమైతే చేస్తుంది. బ్రిటిష్ ఇండియాలో 1892 చట్టం వచ్చాకే శాసనమండలి సభ్యులకు నోటీసిచ్చి ప్రశ్న వేసే హక్కు వచ్చింది, అదీ అనుబంధ ప్రశ్న లేకుండా. 1909లో అది కొంచెం పెరిగింది, 1919లో ఇంకొంచెం పెరిగింది. అంటే విన్నపం నుంచి ప్రశ్న దాకా రావడానికి మన ముందువాళ్ళు దశాబ్దాలు పోరాడారు. మనం 140 ఏళ్ళ తర్వాత పళ్ళబుట్ట పట్టుకుని మళ్ళీ దసరా దర్బారుకు పోతున్నాం.

సరే, తిట్టడం అయింది. పని చెప్తాను. ప్రశ్న రాయడానికి కొన్ని గుర్తులు, నా అనుభవం కొద్దీ:

1. ఒక ప్రశ్నకు ఒకే విషయం. కాలువ, కరెంటు, బస్సు కలిపితే మూడు శాఖలూ ఒకదాని మీద ఒకటి తోసుకుంటాయి.

2. అడ్రసు సరిగ్గా ఉండాలి. లేబులు తప్పు రాస్తే సామాను ఇంకో స్టేషన్‌లో దిగుతుంది. రాజకాలువ రాష్ట్రం సంగతి, దాన్ని ఎంపీ చేత లోక్‌సభలో అడిగిస్తే తిరస్కరిస్తారు. రైలు సంగతి ఢిల్లీలో అడగాలి. సబర్బన్ రైలు లాంటి ఉమ్మడి పనైతే రెండు చోట్లా అడగాలి. 148 కిలోమీటర్ల ఆ పథకానికి 2022 జూన్‌లో శంకుస్థాపన చేసినప్పుడు 40 నెలల్లో పూర్తిచేస్తామన్నారు. ఆ 40 నెలలు ఎప్పుడో దాటాయి. వీళ్ళను అడిగితే వాళ్ళని చూపిస్తారు, కాబట్టి ఒకే వారం ఇద్దరినీ అడగాలి.

3. "నిజమేనా" వద్దు. తేదీ, సంఖ్య, రూపాయి, కాంట్రాక్టు గడువు అడగండి. విశేషణాలు, ఎత్తిపొడుపులు ఉంటే సభాపతి ఆఫీసే తీసేస్తుంది. లోక్‌సభ నియమం ప్రకారం ప్రశ్న మామూలుగా 150 మాటలు దాటకూడదు. మన వినతిపత్రంలో సంబోధనకే అన్ని మాటలు పోతాయి.

4. ముందు సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి వివరాలు అడగండి. ముప్పై రోజుల్లో వచ్చిందాంతో ప్రశ్నకు పదును పెట్టండి. అక్కడ ఇవ్వకపోతే, ఎందుకివ్వలేదన్నదే ఇంకో ప్రశ్న.

5. జవాబు వచ్చాక వదిలేయకండి. ఆ కాగితం పట్టుకుని కాలువ దగ్గరికి నడిచి వెళ్ళండి. "పని పూర్తయింది" అని రాసి ఉండి అక్కడ పూడిక కనిపిస్తే, అప్పుడు మన చేతిలో ఉన్నది వినతి కాదు. సభకు తప్పు చెప్పారన్న ఆధారం.

మన కాలువకు నేను రాసిన ముసాయిదా ఇది: "ఈ నియోజకవర్గంలో 2022 సెప్టెంబరు వరదల తర్వాత రాజకాలువల మరమ్మతుకు మంజూరైన పనులు ఎన్ని, ఒక్కొక్క దానికి మంజూరైన మొత్తం, ఇప్పటిదాకా ఖర్చయిన మొత్తం, ఒప్పందం ప్రకారం పూర్తికావాల్సిన తేదీ ఏమిటి, గడువు దాటిన పనులు ఏవి, ఆలస్యానికి కాంట్రాక్టరు మీద విధించిన జరిమానా ఎంత, చివరిసారి పూడిక తీసిన తేదీ కాలువవారీగా ఏది?" ఇందులో "దయతో" అనే మాట లేదు. ఎవరినీ తిట్టలేదు. జవాబు రాసే గుమాస్తా ఎవరో గానీ ఆ రోజు క్యాంటీన్‌కు పోలేడు, అది మాత్రం నాది హామీ.

దీన్ని కన్నడంలో పెట్టాలి. "మాకు కన్నడం రాయడం రాదు" అని ఎవరూ అనొద్దు. నేను చదివింది తమిళ బడిలో. తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక నేర్చుకున్నాను, అందుకే ఈ పోస్టులో తప్పులుంటే దిద్దండి, ఏమీ అనుకోను. తెలుగు వచ్చాక కన్నడం చదవడానికి నాకు రెండు నెలలు పట్టింది, అక్షరాలు అక్కాచెల్లెళ్ళే. ఇక్కడ పుట్టి ఇక్కడ చదివిన పిల్లలు మన ఇళ్ళలో అందరికీ ఉన్నారు. కల్చరల్ ప్రోగ్రాములో డాన్స్ చేయించడంతో పాటు ఒక పేజీ రాయించండి. విధానసభ జవాబులు ఎక్కువగా కన్నడంలోనే ఉంటాయి, సభ వెబ్‌సైటులో దొరుకుతాయి. తలా పది జవాబులు చదివితే నెలలో ఈ నియోజకవర్గం గురించి మనకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఉగాదికి ఎమ్మెల్యే గారిని పిలుద్దాం, శాలువా కూడా కప్పుదాం. అతిథికి మర్యాద చేయకపోవడం మన పద్ధతి కాదు. కానీ చేతికిచ్చే కవరులో ఈసారి ఆ ప్రశ్న పెడదాం, మన ఓటర్ల సంతకాలతో. "వచ్చే సమావేశాల్లో ఇది మీ పేరున వేయండి, జవాబు మేమే నోటీసు బోర్డులో పెట్టుకుంటాం, కింద మీ పేరు రాస్తాం" అని వేదిక మీదే చెబుదాం. ఆయనకూ గౌరవమే.

వచ్చే ఆదివారం పదకొండు గంటలకు దీని మీద ఓటింగు పెట్టమని సెక్రటరీ గారిని రాతపూర్వకంగానే అడిగాను. ఇంకా జవాబు రాలేదు. ఈ పోస్టుకు లైకులు వద్దు, మీటింగుకు రండి. వచ్చేటప్పుడు కింది వీధి మీదుగా రండి, ఆ ఇటుకలు ఒకసారి చూసి రండి.